ఏళ్లుగా నిలిచిపోయిన తొంభైల సెడాన్‌ను రోడ్డెక్కించడం: వరస తప్పకుండా చేయాల్సిన పనులు

"కారు బాగానే ఉంది, కాకపోతే ఆరేళ్లుగా కదల్లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?" తొంభైల నాటి ఫ్యామిలీ సెడాన్ చేతికొచ్చినవాళ్లు అటూ ఇటూగా ఇదే అడుగుతున్నారు. అడుగుతూ ఒక ఫొటో కూడా చూపిస్తారు. అందులో బండి అద్దంలా మెరుస్తుంటుంది. అంటే పాలిష్ పట్టేశారు, బ్రేకుల జోలికి ఇంకా పోలేదన్నమాట.

ఇక్కడ చెప్పేదంతా వరస గురించే. పనులు చాలావరకు మామూలువే. ఏది ముందు, ఏది తర్వాత అన్న దగ్గరే డబ్బూ ఓపికా రెండూ కరిగిపోతాయి. నేను పాటించే వరస ఇది: బండి ముందు ఆగాలి, తర్వాత ఇంజను తిరగాలి, ఆ తర్వాత బండి కదలాలి, మెరవడం అన్నిటికంటే చివర.

నాలుగు సిలిండర్లు, పెట్రోల్ ఇంజెక్షన్, ముందు చక్రాలను తిప్పే ఇంజను ఉన్న సెడాన్‌లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఆ కాలపు ఫ్యామిలీ కార్లలో ఎక్కువ అలాంటివే. కార్బురేటర్ ఉన్న బండి అయితే ఇంధనం, ఐడిలింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను ఊరికే తిరగడం) గురించిన భాగాలు మారతాయి, మిగతాది దాదాపు అంతే.

1. పానా పట్టే ముందు

మొదటి వారం బండిని విప్పకండి. కావలసినవి పోగు చేసుకోండి.

అన్నిటికంటే ముందు మీ బండికి సరిపడే వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించండి. "ఆ మోడల్‌ది" అంటే చాలదు. ఒకే పేరుతో, ఒకే ఏడాదిలో రెండు మూడు రకాల ఇంజన్లు వచ్చిన కార్లు చాలా ఉన్నాయి. ఇంజను కోడ్, తయారైన నెల, గేర్‌బాక్స్ రకం ఒక నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. విడిభాగం కొనే ప్రతిసారీ ఈ పేజీ అవసరం పడుతుంది.

బ్యాటరీ తీసే ముందు రేడియో సంగతి చూడండి. తొంభైల నాటి చాలా స్టీరియోలు కరెంటు పోతే కోడ్ అడుగుతాయి. ఆ కోడ్ పాత కాగితాల మధ్యనో, గ్లవ్‌బాక్స్ లోపలో, స్టీరియో వెనక స్టిక్కర్ మీదో ఉంటుంది. తాళంచెవి ఒక్కటే ఉంటే ఇంకోటి ఇప్పుడే చేయించండి. ఆ దశాబ్దం రెండో సగంలో వచ్చిన కొన్నింటి తాళంచెవిలో చిప్ ఉంటుంది. ఉన్న ఒక్కటీ పోతే పని బాగా పెరుగుతుంది.

చేతికి అందుబాటులో ఉండాల్సినవి:

– జాకీతో పాటు నాలుగు స్టాండ్‌లు. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందకి ఎప్పుడూ దూరకూడదు.
– టార్క్ రెంచ్, మల్టీమీటర్, కంప్రెషన్ గేజ్
– ఆరు మూలల సాకెట్లు. పన్నెండు మూలలవి తుప్పు పట్టిన నట్టు తలను గుండ్రంగా అరగదీస్తాయి.
– బ్రేకు పైపుల నట్లకు వాడే చీలిక స్పానర్
– తుప్పు వదిలించే ఆయిల్, వైరు బ్రష్, మంటలార్పే సిలిండర్
– జిప్ కవర్లు, మార్కర్ పెన్ను. విప్పిన ప్రతి బోల్టుకూ ఓ కవరు, దాని మీద పేరు.

2. తుప్పు: అసలు ఈ బండి మీద ఖర్చు పెట్టాలా?

ఇంజను చెడితే ఇంకోటి దొరుకుతుంది. బాడీ అడుగున సత్తువ పోతే ఇక చేసేదేమీ ఉండదు. అందుకే బానెట్ ఎత్తక ముందే నేల మీద పడుకుని చూడాలి.

పైకి కనిపించే తుప్పు కంటే నీళ్లు నిలిచే చోట్లే ముఖ్యం. తలుపుల కింద బాడీ అంచులు, జాకీ పెట్టే చోట్లు, వెనక చక్రాల పైన ఉండే వంపులు, డిక్కీలో స్టెప్నీ గుంట, ముందు షాకబ్జార్బర్ల తలలు బిగించే చోటు, వెనక సస్పెన్షన్ బాడీకి కలిసే చోట్లు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది, పుచ్చినది బొదబొదమంటుంది. పిడి లోపలికి దిగబడితే అక్కడ రేకు లేదు, రంగు మాత్రమే ఉంది. బాడీ పుట్టీ పెట్టి దాచిన చోట చిన్న అయస్కాంతం అంటుకోదు.

తలుపుల అంచులో తుప్పు పట్టినా బతుకుతుంది. సస్పెన్షన్ తగిలించే చోట రేకు పొరలు పొరలుగా ఊడుతుంటే మాత్రం, వెల్డింగ్ బాగా తెలిసినవాళ్లకు చూపించి ఖర్చెంతవుతుందో తెలుసుకునే దాకా ఒక్క విడిభాగం కూడా కొనకండి.

ఇదే పూటలో ఇంకో రెండు పనులు. ముందు అద్దం కింద, వైపర్లు ఉండే గాడిలో ఆకులు కుళ్లి మట్టి అయిపోయి ఉంటాయి, తీసేయండి. తలుపుల అడుగున, బాడీ అంచుల కింద నీళ్లు పోయే చిన్న కంతల్లో సన్నని ప్లాస్టిక్ తీగ దూర్చి శుభ్రం చేయండి. సన్‌రూఫ్ ఉంటే దాని నాలుగు మూలల గొట్టాలు కూడా. కార్పెట్ తడిగా ఉందంటే నూటికి తొంభైపాళ్లు కారణం ఇక్కడే దొరుకుతుంది. తడి తియ్యటి వాసన వేస్తుంటే అది వాన నీరు కాదు, హీటర్ లోపలి కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం).

అడుగున తుప్పు ఉండగానే దాని మీద నల్లటి అండర్‌కోటింగ్ కొట్టించడం ఈ బండ్లకు జరిగే పెద్ద అన్యాయం. తేమ లోపలే బందీ అయి, రేకు కంటికి కనిపించకుండా తినుకుపోతుంది. ముందు గీకాలి, తుప్పును మార్చే ద్రావణం పూయాలి, ప్రైమర్ వేయాలి, అప్పుడే కోటింగ్.

3. బ్రేకులు, ఇంజను కంటే ముందే

ఇంజను తిరగ్గానే ఎవరికైనా ఒక్కసారి వీధి చివరిదాకా వెళ్లొద్దామనిపిస్తుంది. ఆ బలహీనత నాకూ ఉంది కాబట్టే ముందు బ్రేకులు పూర్తి చేస్తాను.

నాలుగు చక్రాలూ విప్పండి. ముందు డిస్కుల మీద పలచటి తుప్పు మామూలే, నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది. గుంటలు పడి ఉంటే మార్చాలి. క్యాలిపర్ జారే పిన్నులు బయటికి తీసి తుడిచి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు పెట్టండి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుపోతుంది. వెనక డ్రమ్ములు తీసి, వీల్ సిలిండర్ రబ్బరు అంచును కాస్త ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే సిలిండర్ పోయినట్టే. ఆ దుమ్మును గాలితో ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిపి తుడవండి.

చక్రం దగ్గరి రబ్బరు బ్రేకు పైపులు పైకి బాగున్నా లోపల వాచి ఉంటాయి. బ్రేకు వదిలిన తర్వాత కూడా ఒక చక్రం పట్టేసి ఉంటే చాలామంది క్యాలిపర్ మారుస్తారు. ముందు ఆ పైపు మార్చి చూడండి.

బ్రేకు ఆయిల్ మొత్తం కొత్తది పోయాలి. డాట్ 3, డాట్ 4 రకాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. అందుకే బండి తిరిగినా తిరగకపోయినా 2 ఏళ్లకోసారి మార్చాలి. డాట్ 5 సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు.

కొత్త ఆయిల్ పోసి బ్రేకు పైపుల్లోంచి గాలి తీసేటప్పుడు రెండు జాగ్రత్తలు:

– బ్లీడర్ నిపుల్‌ను (గాలి బయటికి వదిలే చిన్న స్క్రూను) ముందు రోజే తుప్పు వదిలించే ఆయిల్‌తో నానబెట్టండి. ఆరు మూలల సాకెట్‌తో ముందు రవ్వంత బిగించి, అప్పుడు వదులు చేయండి. మొదటిసారి ఈ ఓపిక లేక రెండు నిపుళ్లు విరగ్గొట్టాను. క్యాలిపర్లతో సహా మార్చాల్సి వచ్చింది.
– పెడల్‌ను నేలదాకా తొక్కించకండి. మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ఎన్నడూ వెళ్లని భాగంలో తుప్పు ఉంటుంది. రబ్బరు సీళ్లు అక్కడిదాకా వెళ్తే చిరిగిపోతాయి. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టుకుంటే సరి.

పని అయ్యాక హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలి, వెనక చక్రాలు చేత్తో స్వేచ్ఛగా తిరుగుతున్నాయో లేదో చూడండి. తిరగకపోతే కేబుల్ పట్టేసినట్టే.

4. ఇంజనును నిద్ర లేపడం

పాత బ్యాటరీకి చార్జింగ్ పెట్టి, తాళం తిప్పి, సెల్ఫ్ కొట్టి చూడటం అందరూ చేసే తప్పు. ఏళ్లుగా పొడిబారిన సిలిండర్లలో రింగులు గీసుకుపోతాయి. ట్యాంకులో కుళ్లిన పెట్రోల్ ఇంజెక్టర్లదాకా వెళ్లిపోతుంది.

మొదట పెట్రోల్. ఏడాది దాటినది వార్నిష్ వాసన వేస్తుంది. మొత్తం తీసేయండి, కొత్తదానితో కలిపి సర్దుకోవద్దు. ట్యాంకు లోపలికి లైటు వేసి తుప్పు ఉందేమో చూడండి. ఫ్యుయల్ ఫిల్టర్ మార్చండి. ఇంజను దగ్గరి రబ్బరు ఇంధన పైపులను వంచి చూస్తే సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. వాటి స్థానంలో ఇంజెక్షన్ ఒత్తిడికి తగినవే వేయాలి. కార్బురేటర్ బండ్లకు వాడే పైపు ఈ ఒత్తిడికి తట్టుకోదు. పెట్రోల్‌లో ఇప్పుడు ఇథనాల్ కలుస్తోంది కాబట్టి దానికి తట్టుకునే రకం అడగండి.

తర్వాత ఈ వరస:

– ఇంజను ఆయిల్, ఫిల్టర్ మార్చండి. 500 కి.మీ. తిరిగాక మళ్లీ మారుస్తారు కాబట్టి ఇప్పుడు ఖరీదైనది అక్కర్లేదు, మాన్యువల్ చెప్పిన గ్రేడ్ ఉంటే చాలు.
– స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేసి ఓ రాత్రి వదిలేయండి.
– క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ పెట్టి, చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పండి. ఎటు తిరగాలో మాన్యువల్ చూసుకోండి. ఆ కాలపు కొన్ని హోండా ఇంజన్లు అపసవ్య దిశలో తిరుగుతాయి. ఎక్కడైనా ఆగితే బలం పెట్టొద్దు, ఆపి కారణం వెతకండి.
– ఫ్యుయల్ పంపు ఫ్యూజు తీసి, ఇగ్నిషన్ కనెక్షన్ విప్పి, ప్లగ్గులు లేకుండానే 10 సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. మధ్యలో మోటారుకు విశ్రాంతి ఇవ్వండి. ఆయిల్ లైటు ఆరాలి.
– ఇదే సమయంలో, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచి (అంటే యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కి) కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, కొలవండి. మాన్యువల్‌లోని కనిష్ఠానికి తగ్గకూడదు. సిలిండర్ల మధ్య తేడా 10–15 శాతం దాటకూడదు.

ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే దాంట్లో ఇంకో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్. అయినా ఇప్పుడే కంగారు పడొద్దు. ఏళ్లు నిలిచిన ఇంజన్లో రింగులు అంటుకుపోవడం సహజం. కొన్నాళ్లు వేడిగా తిరిగాక రెండోసారి కొలిచిన అంకెనే నమ్మండి.

ఇంకా స్టార్ట్ చేయొద్దు. మధ్యలో ఒక పని ఉంది.

5. టైమింగ్ బెల్ట్

పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేట్టు చూసే రబ్బరు బెల్టు ఇది. ఎప్పుడు మార్చారో కాగితం ఆధారం లేకపోతే, మార్చలేదనే లెక్క. "పోయినసారే మార్పించాం" అన్న మాట ఆధారం కాదు.

ఆ కాలపు బెల్టుల గడువు మోడల్‌ను బట్టి 60,000 నుంచి 1,00,000 కి.మీ. వరకు ఉంటుంది, దానితో పాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది. చాలా ఇంజన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి. అక్కడితో హెడ్ విప్పాల్సిందే. రబ్బరు నిలబడి ఉన్నా ముసలిదవుతుంది, పైగా ఒకే వంపులో ఏళ్ల తరబడి ఉన్న బెల్టు మరీ పాడు.

కంప్రెషన్ చూసి ఇంజను బతికే ఉందని తేలాక బెల్టు సెట్ మొత్తం మార్చండి: బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు, క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు. వాటర్ పంపు ఇదే బెల్టు మీద తిరిగేదైతే అదీ మార్చేయాలి. పంపు బాగానే ఉందని వదిలేసి, అది ఏడాదికి లీకైతే ఇదంతా మళ్లీ విప్పాలి.

క్యామ్, క్రాంక్ పుల్లీల మీది టైమింగ్ గుర్తులు కలిశాక ఇంజనును చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడండి. ఈ ఒక్క పని మరిచిపోయినవాళ్లే తర్వాత హెడ్ విప్పుతారు. సొంతంగా చేసే ధైర్యం లేకపోతే దీన్ని మాత్రం అనుభవం ఉన్న మెకానిక్‌కు ఇవ్వండి. బెల్టుకు బదులు గొలుసుతో తిరిగే ఇంజను అయితే, స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో గలగల శబ్దం వస్తుందేమో వినాలి.

6. తొలి స్టార్ట్, ఆ తర్వాత అరగంట

బండి ఆరుబయట ఉండాలి. మంటలార్పే సిలిండర్ పక్కనుండాలి. తాళం ఆన్ చేసి, పంపు శబ్దం ఆగాక దిగి, ఇంధన పైపులన్నీ చేత్తో తడమండి. తడి తగిలితే అక్కడే ఆపేయండి.

స్టార్టయ్యాక రేజ్ చేయొద్దు. సన్నటి టిక్ టిక్ శబ్దం పది పదిహేను నిమిషాలు వచ్చినా పర్లేదు, వాల్వ్ లిఫ్టర్లలోకి ఆయిల్ చేరేదాకా అంతే. కింది నుంచి బరువైన దడ్ దడ్ శబ్దం వస్తే వెంటనే ఆపండి.

రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తనంతట తాను తిరిగి ఆగేదాకా నడవనివ్వండి. తెల్లపొగ కాసేపు వచ్చి ఆగిపోతే అది సైలెన్సర్‌లోని తేమ. ఇంజను వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ కాలుతోంది. నీలిపొగ అంటే ఆయిల్.

7. కూలింగ్: తొంభైల బండి బలహీనత ఇదే

ఈ తరం రేడియేటర్లకు మధ్య భాగం అల్యూమినియం, పైనా కిందా లేక పక్కన ప్లాస్టిక్ ట్యాంకులు. నల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగితే అది పెళుసెక్కింది. ఏదో ఒకరోజు రోడ్డు మధ్యలో చీలుతుంది. అతుకులు వేయకుండా మార్చేయండి.

హోస్ పైపులను క్లాంపుల దగ్గర నొక్కండి. కరకరలాడినా, మరీ మెత్తగా అయినా పోయినట్టే. థర్మోస్టాట్, రేడియేటర్ మూత చిన్న ఖర్చు, అడగకుండా మార్చేయండి.

కూలెంట్ రంగును చూసి రకం నిర్ణయించొద్దు, రంగుకు అందరూ పాటించే నియమమంటూ లేదు. మాన్యువల్ ఏ రకం చెప్పిందో అదే, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. వేర్వేరు రకాలు కలిస్తే జిగురులా గడ్డకట్టే ప్రమాదం ఉంది. పోసేటప్పుడు హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి, బండి ముక్కు కాస్త ఎత్తులో ఉంచితే గాలి బయటికి పోతుంది. వేడి మీద మూత విప్పకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. చాలా కార్లలో టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉండేట్టు తయారు చేశారు. అది పైకి కదిలేసరికే ఇంజను బాగా వేడెక్కి ఉంటుంది. ముల్లు కదిలిందంటే "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకోవద్దు.

8. ఐడిలింగ్ ఊగడం, పికప్ లేకపోవడం

ఆర్‌పీఎం ఊయలలా పైకీ కిందకీ ఊగుతుంటే తొంభైల బండిలో మొదటి అనుమానితులు గట్టిపడిన వాక్యూమ్ గొట్టాలు. ఒక్కొక్కటిగా ప్లయర్‌తో మెత్తగా నొక్కి, ఐడిలింగ్ మారుతుందేమో చూడండి. దేన్ని నొక్కితే ఇంజను సర్దుకుంటే ఆ దారిలోనే లీకు. క్లీనర్ స్ప్రే కొట్టి వెతికే పద్ధతి వేడి ఇంజను మీద నిప్పుతో చెలగాటం.

ఆ తర్వాత థ్రాటిల్ బాడీ, ఐడిల్ కంట్రోల్ వాల్వ్ శుభ్రం చేయండి. పీసీవీ వాల్వ్ (ఇంజను లోపలి ఆవిర్లను బయటికి లాగే వాల్వ్) తీసి ఊపండి, గలగలమనాలి. మూసుకుపోతే లోపలి ఒత్తిడి సీళ్ల నుంచి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. ఆయిల్ లీకులకు సీళ్లన్నీ మార్చే ముందు దీన్ని చూడండి. లీకు వెతకాలంటే ముందు ఇంజనును కడిగి, తర్వాత అన్నిటికంటే పైన తడిసిన చోటును పట్టుకోవాలి. కిందికి కారిన ఆయిల్ దారి తప్పిస్తుంది. చాలాసార్లు నేరస్తుడు వాల్వ్ కవర్ గ్యాస్కెటే.

డిస్ట్రిబ్యూటర్ ఉన్న బండి అయితే మూత, రోటర్, ప్లగ్ వైర్లు కలిపి మార్చండి. వైర్లు పోయాయో లేదో తెలియాలంటే చీకట్లో బానెట్ ఎత్తి ఇంజను నడపండి, కరెంటు లీకయ్యే చోట నీలి మెరుపులు కనిపిస్తాయి.

ఇంజను లైటు వెలిగి ఉంటే కోడ్ చదవాలి. ఆ కాలపు చాలా కార్లకు స్కానర్ అక్కర్లేదు. డయాగ్నొస్టిక్ కనెక్టర్‌లో రెండు పిన్నులను తీగముక్కతో కలిపితే లైటు మిణుకుమిణుకుమంటూ అంకె చెబుతుంది. ఏ రెండు పిన్నులన్నది మాన్యువల్‌లో చూసి మాత్రమే కలపండి. పొరపాటు పడితే ఇంజనును నడిపే కంప్యూటరే కాలిపోవచ్చు. కోడ్‌లు చదివేందుకు అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా ఉండే ఓబీడీ-2 పద్ధతి అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరైంది. మిగతా చోట్ల అమ్మిన బండ్లకు 16 పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన మామూలు స్కానర్ మాట్లాడుతుందన్న భరోసా లేదు.

ఒకసారికి ఒక్క భాగమే మార్చండి. మూడు కలిపి మారిస్తే ఏది నయం చేసిందో తెలియదు. కొత్తది పాడైతే అదీ తెలియదు.

9. కరెంటు దెయ్యాలు

లైట్లు మిణుకుమనడం, ఇండికేటర్ వేస్తే మీటర్లు ఊగడం, ఓ రోజు స్టార్టై ఓ రోజు కాకపోవడం. వీటిలో సగం ఎర్త్ వైర్ల దగ్గరే తేలిపోతాయి. బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజనుకు వెళ్లే వైర్లను విప్పి, లోహం మెరిసేదాకా గీకి, బిగించండి.

మల్టీమీటర్‌తో చూడాల్సినవి:

– ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు. 12.0 అంటే దాదాపు ఖాళీ.
– ఇంజను నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.5
– సెల్ఫ్ కొడుతుండగా ఇంజను లోహానికీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య 0.2 వోల్టుల లోపు. అర వోల్టు దాటితే ఆ దారిలో ఎర్త్ పోయింది.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీసి ఆల్టర్నేటర్‌ను పరీక్షించే పాత అలవాటు ఈ బండ్ల మీద వద్దు. వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి కంప్యూటర్ చెడుతుంది.

ఎండలో నిలిపితే స్టార్ట్ కాదు, చల్లబడ్డాక ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. ఈ ఫిర్యాదు వింటే ముందు ఫ్యుయల్ పంపు రిలేను తెరిచి చూడండి. వేడికీ చలికీ లోపలి సోల్డరింగ్ సన్నగా చిట్లి ఉంటుంది. మళ్లీ సోల్డర్ చేస్తే చాలు. ఆ తొంభైల హోండాలకు ఇది బాగా తెలిసిన జబ్బు. కంప్యూటర్ పెట్టె తెరిచినప్పుడు చేపల వాసన వస్తే, కెపాసిటర్లు కారి బోర్డును తింటున్నాయి. కొన్ని మిత్సుబిషి బండ్లలో ఇది తరచు కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్స్ పనివాళ్లు కెపాసిటర్లు మార్చి బోర్డును కాపాడగలరు, ఆలస్యమైతే బోర్డే పోతుంది.

పవర్ విండో నెమ్మదిగా ఎక్కుతుంటే మోటారు కొనకండి. అద్దం జారే రబ్బరు గాడి తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి.

10. సస్పెన్షన్, టైర్లు

సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు పాతికేళ్లకు చచ్చుబడతాయి. వాటిని మార్చగానే బండి పదేళ్లు వెనక్కి వెళ్లినట్టు నడుస్తుంది. పెట్టిన ఖర్చుకు ఇంత తేడా చూపించే పని ఇంకోటి లేదు.

ఒక్క సూక్ష్మం. బుష్‌లు ఉన్న బోల్టులను బండి జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బుష్ అప్పటికి ఉన్న కోణంలోనే బిగుసుకుంటుంది. బండిని దించితే రబ్బరు మెలిపడి, అప్పటి నుంచీ ఆ మెలిలోనే ఉండి కొద్ది నెలల్లో చిరుగుతుంది. వదులుగా బిగించి, బరువంతా చక్రాల మీదకు దించాక టార్క్ రెంచ్‌తో ముగించాలి. కొత్త బుష్‌లు నాసిరకమని నేను తిట్టుకున్న రోజులున్నాయి. తప్పు నా బిగింపులో ఉంది.

డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు చిమ్మిందేమో చూడండి. పూర్తిగా తిప్పిన స్టీరింగ్‌తో కదిలినప్పుడు టకటకమంటే బూటు మార్చే దశ దాటిపోయింది, జాయింటే మార్చాలి. బాల్ జాయింట్లలో ఆట ఉంటే ఆ బండి రోడ్డెక్కకూడదు. షాకబ్జార్బర్లు ఎప్పుడూ జతగానే మార్చండి. అంతా అయ్యాక వీల్ అలైన్‌మెంట్.

టైరు పక్కన చివరి నాలుగు అంకెలు తయారైన వారం, ఏడాది. 2319 అంటే 2019లో 23వ వారం. మూడే అంకెలు ఉంటే అది 2000కు ముందుది. గాడులు ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటినవి తీసేయండి, స్టెప్నీతో సహా.

11. రోడ్డు మీద తొలి 200 కిలోమీటర్లు

– 1 కి.మీ.: నడక వేగంలో బ్రేకులు, స్టీరింగ్. తిరిగొచ్చి నాలుగు చక్రాల దగ్గరా చేయి పెట్టి చూడండి, ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేస్తోంది.
– 10 కి.మీ.: ఆపి, బండి కింద అట్టముక్క పరిచి అరగంట ఆగండి. ఏ చుక్క ఎక్కడ పడిందో తెలుస్తుంది.
– 50 కి.మీ.: ఇంజను చల్లారాక ఆయిల్, కూలెంట్ మట్టాలు. చక్రాల నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో.
– 200 కి.మీ.: ఎత్తు రోడ్డు, ఏసీ, రాత్రి లైట్లు అన్నీ కలిపి ఒకసారి.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ మాడు వాసన వేస్తుంటే మిషన్ పెట్టి బలవంతంగా కడిగించొద్దు. కింది నుంచి దిగినంత తీసి, అంతే కొత్తది పోసి, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ అలాగే. మట్టం చూసే పద్ధతి కూడా బండిని బట్టి మారుతుంది. కొన్నింటికి ఇంజను నడుస్తుండగా, కొన్నింటికి ఆపి చూడాలి.

ఏసీ గురించి క్లుప్తంగా. ఆ దశాబ్దం మొదట్లో ఆర్ 12 గ్యాస్, తర్వాత ఆర్ 134ఏ. బానెట్ కింద స్టిక్కర్ చూడండి. ఆర్ 12 బండిని ఆర్ 134ఏకు మార్చాలంటే డ్రయర్, ఓ-రింగులు, కంప్రెసర్ ఆయిల్ కూడా మారాలి. లీకు పట్టకుండా గ్యాస్ నింపడం దండగ. ఉన్న గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా మిషన్‌తోనే తీయించండి.

12. లోపలి సింగారం, పైమెరుగు

ఇప్పుడు పాలిష్ డబ్బా తీయొచ్చు.

డాష్‌బోర్డు, తలుపుల ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసెక్కి ఉంటాయి. చలిలో విప్పకండి. ఎండలో కాసేపు ఉంచి, లేదా హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి విప్పితే సగం విరగకుండా వస్తాయి. స్టీరింగ్ దగ్గర పసుపు కనెక్టర్లు కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్. బ్యాటరీ తీసి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. కంపెనీని బట్టి అది 90 సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా ఉంటుంది. ఆ వైర్లకు మల్టీమీటర్ పెట్టొద్దు.

పైకప్పు గుడ్డ వేలాడుతుంటే జిగురు ఎక్కించి అతికించే ప్రయత్నం నిలవదు. గుడ్డ వెనక స్పాంజి పొడైపోయింది. బోర్డు బయటికి తీసి, స్పాంజి మొత్తం గీకి, కొత్త గుడ్డ వేయాలి.

పాలిష్ ముందు ఒక మూల రుద్ది గుడ్డ చూడండి. గుడ్డకు బండి రంగు అంటితే అది ఒకే పొర రంగు, ఎంత వెలిసినా పాలిష్‌తో చాలావరకు తిరిగొస్తుంది. అంటకపోతే పైన క్లియర్‌కోట్ అనే రంగులేని పొర ఉంది. ఆ పొర పొలుసులుగా లేస్తుంటే ఏ పాలిష్ పనిచేయదు, పెయింటింగే. పసుపెక్కిన ప్లాస్టిక్ హెడ్‌లైట్లను 1000, 2000, 3000 నంబరు ఇసుక కాగితాలతో తడిపి రుద్ది, ఎండకు తట్టుకునే పూత వేయండి. పూత మానేస్తే కొన్ని నెలల్లో మళ్లీ పసుపే.

విప్పిన అసలు భాగాలు పారేయకండి. హెడ్‌లైట్లు, లోపలి ప్లాస్టిక్, సీటు గుడ్డ, బంపర్ క్లిప్పులు ఇంజను భాగాల కంటే ముందే దొరక్కుండా పోతాయి. ఇలాంటి బండే తుక్కుకు పోతోందని తెలిస్తే మొదట వీటి కోసం పరిగెత్తండి. పాత స్టాకులో మిగిలిన కొత్త రబ్బరు భాగాలు మాత్రం వద్దు. డబ్బా తెరవకపోయినా లోపలి రబ్బరుకు వయసు ఆగదు.

13. మళ్లీ నిలిచిపోకుండా

వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మేలు కంటే కీడు. ఇంజను పూర్తిగా వేడెక్కక నీటి ఆవిరి ఆయిల్‌లోనూ సైలెన్సర్‌లోనూ మిగిలిపోతుంది. రెండు వారాలకోసారి అరగంట నడపండి, ఏసీ వేసి, అన్ని గేర్లూ వాడి.

– ఇంజను ఆయిల్: తక్కువ తిరిగినా ఏడాదికోసారి
– బ్రేకు ఆయిల్: 2 ఏళ్లకోసారి
– కూలెంట్: పాత రకమైతే 2 ఏళ్లకోసారి, లేదంటే డబ్బా మీద ఉన్న గడువు
– నీళ్లు పోయే కంతలు: వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి
– రబ్బరు పైపులు, బెల్టులు: ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఓ చూపు

నెలల తరబడి వదిలేయాల్సి వస్తే ట్యాంకు నిండా పెట్రోల్ పోయండి, టైర్లలో గాలి కాస్త ఎక్కువ పెట్టండి, బ్యాటరీకి మెయింటెయినర్ తగిలించండి. హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, చక్రాలకు అడ్డం దిమ్మలు పెట్టండి. గాలి పీల్చే గొట్టం నోరు, సైలెన్సర్ చివర జాలీతో మూయండి, ఎలుకలు కాపురం పెట్టకుండా. ఆ జాలీ పెట్టిన సంగతి ఒక చీటీ మీద రాసి స్టీరింగ్‌కు కట్టండి.